జీతం లేని కుర్చీ



డిగ్రీ పట్టా పెట్టెల దాచిపెట్టి, పొద్దున్నే ఇస్త్రీ అంగీ వేసుకొని, బడి ఆఫీసుల కంప్యూటర్ ముందు ఊరికే కూసుంటున్న నీకోసం ఇది రాస్తున్న. కోట్‌పల్లి, పెద్దేముల్, ధారూర్, బంట్వారం... ఏ మండలంల తిరిగినా నీలాంటోళ్లు ఒకరో ఇద్దరో కలుస్తనే ఉన్నరు. "ఏం చేస్తున్నవ్ తమ్మీ?" అంటే "బళ్లె వాలంటీర్‌గా చేస్తున్న అన్నా, పోస్టు పడంగనే ఇంటర్వ్యూకు పిలుస్తమన్నరు" అంటరు. జీతమెంత అని అడిగితే నవ్వి ఊకుంటరు.

ఆ నవ్వు నాకు తెలుసు. ఏడు నెలలు నేను గూడ అట్లనే నవ్విన.

డిగ్రీ అయిపోయి తండాకు వచ్చిన కొత్తల ఒక బడి పెద్దసారు పిలిచిండు. "బేటా, నీకు కంప్యూటర్ వస్తది గదా. మాకు క్లర్క్ లేడు. రెండు నెలలు వచ్చి పని నేర్చుకో. ఆపరేటర్ పోస్టు పడితే నీకే చెప్పిస్త" అన్నడు. ఆయన చెడ్డోడేం కాదు. ఆయనకు నిజంగనే క్లర్క్ లేడు. మా యాడి ఆ రోజు తండాల అందరికీ చెప్పుకున్నది, నా కొడుకు సర్కారు ఆఫీసుల చేరిండని.

పని ఎట్లుంటదో నీకు నేను చెప్పక్కర లేదు గానీ, బయటోళ్లకు తెల్వాలె. పొద్దున హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క. యూడైస్ ప్లస్‌ల ఒక్కొక్క పిల్లగాని వివరం ఎక్కించుడు. పగలు సర్వర్ బిజీ, రాత్రి పదకొండు గంటలకు ఇంట్ల కూసొని సెల్‌ఫోన్ నెట్‌తోని ఎక్కించుడు. అపార్ ఐడీలకు తల్లిదండ్రుల ఒప్పుదల ఫారాలు. పదో తరగతి నామినల్ రోల్స్. స్కాలర్‌షిప్ దరఖాస్తులు. టీసీలు, బోనఫైడ్లు. జిరాక్స్ పైసలు కొన్నిసార్లు నా జేబులకెల్లే.

అన్నిటికన్నా పెద్ద పని పేర్లది. ఆధార్‌ల ఒక తీరు, రేషన్ కార్డుల ఒక తీరు, బడి రిజిస్టర్ల ఇంకో తీరు. ఒకనికి రాథోడ్ అని ఒకచోట ఉంటది, ఇంకోచోట తండ్రి పేరే ఇంటిపేరు అయితది. పేరు కలవకపోతే అపార్ రాదు, స్కాలర్‌షిప్ ఆగుతది. తండ్రేమో పుణెల కూలికి పోయి ఉంటడు. ముసలమ్మ వచ్చి కాగితాలు టేబుల్ మీద పోసి నిలబడతది, ఆమెకు తెలుగు సగం సగం వస్తది. నేను గోర్ బోలిల అడిగితే ఆమె మొఖం వెలిగేది. అట్ల ఒక్కొక్క పేరు సరి చేయించిన. బడి ఆఫీసుల మన భాష తెలిసినోడు ఒకడు ఉంటే ఎంత తేడా వస్తదో అక్కడ కళ్లార చూసిన. ఆ పని మీద నాకు ఇప్పటికీ ప్రేమ ఉన్నది. నా కోపం పని మీద కాదు.

రెండు నెలలు ఏడు నెలలైనయి. పోస్టు పడ్డది. ఏజెన్సీ తరఫున ఔట్‌సోర్సింగ్. ఇంటర్వ్యూకు పోయిన. అడిగిన ప్రశ్నలు మూడు. "ఎవరు పంపిండ్రు?" "అనుభవం సర్టిఫికెట్ ఉన్నదా?" మూడోది నోటితోని అడగలేదు, కాగితం మీద ఒక అంకె రాసి చూపెట్టిండ్రు. డిపాజిట్ అట. సర్టిఫికెట్ కోసం పెద్దసారు దగ్గరికి పోతే ఆయన తల దించుకున్నడు. "ఎట్ల ఇయ్యాలె బేటా? ఏ రిజిస్టర్ల నీ పేరు లేదు గదా" అన్నడు.

ఏడు నెలలల్ల ఆ బడిల ఉన్న ప్రతి పిల్లగాని పేరు నేను కంప్యూటర్ల ఎక్కించిన. నా పేరు ఒక్కటి ఎక్కడా లేదు.

పోస్టు ఇంకొకనికి వచ్చింది. పది రోజులైనంక అతనే ఫోన్ చేసిండు, "అన్నా, యూడైస్ల లాగిన్ ఎట్ల చేయాలె?" అని. చెప్పిన. అతను నా శత్రువు కాదు. అతను అప్పు తెచ్చి డిపాజిట్ కట్టిండు, మొదటి జీతం నాలుగు నెలలకు చూసిండు. ఇద్దరం ఒకటే బోనుల పడ్డం, అతనిది జెర పెద్ద బోను, అంతే.

ఇగ అసలు ముచ్చట మాట్లాడుకుందాం. ఇది నా ఒక్కని కష్టమైతే ఇంత పొడుగు రాసేటోన్ని కాదు.

"వాలంటీర్" అన్న మాట ఎవరికి లాభం?

మన రాష్ట్రంల విద్యా వాలంటీర్లు ఉండిరి. సర్కారు బడుల్ల టీచర్లు లేని చోట పాఠాలు చెప్పిండ్రు. నెలకు 12,000 ఇచ్చిండ్రు. కరోనా వచ్చి 2020ల బడులు మూతపడంగనే వాళ్లను మళ్లీ తీసుకోలేదు. తీసేసినమని ఉత్తరం గూడ రాయలేదు, రాయాల్సిన పని లేదు గనుక. వాలంటీర్‌ను ఉద్యోగంలకెల్లి తీసేసుడు ఏముంటది?

పక్క రాష్ట్రం చూడు. ఆంధ్రప్రదేశ్‌ల 2019ల గ్రామ వాలంటీర్లను ఇంటర్వ్యూలు పెట్టి తీసుకున్నరు. నెలకు 5,000 గౌరవ వేతనం. రెండున్నర లక్షల మంది. పింఛన్ ఇంటికి తెచ్చి ఇచ్చింది వాళ్లే, సర్వేలు చేసింది వాళ్లే. 2024ల సర్కారు మారినంక ఆ వ్యవస్థే ఆగిపోయింది. రోడ్డెక్కి అడిగితే మీరు ఉద్యోగులు కాదు అనే జవాబు ముందే రాసి పెట్టి ఉన్నది, ఆ పేరులనే ఉన్నది.

వాళ్లకు ఎంతో కొంత చేతికి వచ్చింది. మనం అది గూడ లేకుంటనే చేస్తున్నం. దీనికి మన తాతలు ఒక పేరు పెట్టిండ్రు. వెట్టి. పటేల్ ఇంట్ల, దొర గడీల పైసా లేకుంట చేసిన పనికి ఆ పేరు. భారత రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది. 1982ల ఏషియాడ్ కూలీల కేసుల సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకున్నా అది నిర్బంధ శ్రమనే, ఆకలి గూడ ఒక నిర్బంధమే అన్నది. మన చేతులకు ఎవరూ సంకెళ్లు వెయ్యలేదు, నిజమే. "పోస్టు పడితే నీకే" అన్న ఒక్క మాటతోని కట్టేసిండ్రు.

"చేస్తా ఉంటే పర్మనెంట్ అయితది" అన్న భ్రమ

దీన్ని మనం ముందు మనసుల నుంచి తీసెయ్యాలె. 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసుల సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది: నోటిఫికేషన్ లేకుంట, పోటీ లేకుంట లోపలికి వచ్చినోళ్లకు పర్మనెంట్ చెయ్యమని అడిగే హక్కు లేదు. మంజూరైన పోస్టుల్ల పదేండ్లకు పైబడి చేసినోళ్లకు మాత్రం ఒక్కసారి చూడమని ఒక సందు ఇచ్చింది. నువ్వు చేస్తున్నదాంట్ల మంజూరైన పోస్టు ఉన్నదా? నియామక ఉత్తరం ఉన్నదా? రెండూ లేనప్పుడు ఆ సందుల నీకు చోటు యాడిది?

కోర్టు ఈ మధ్య జెర మెత్తబడ్డది. 2024 డిసెంబర్ 20న జగ్గో కేసుల, ఎప్పుడూ ఉండే పనిని ఏండ్లకేండ్లు తాత్కాలికం పేరుమీద చేయించుకొని ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకునుడు తప్పు అన్నది. 2016ల జగ్జీత్ సింగ్ కేసుల సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకు గూడ వర్తిస్తదన్నది. మంచిదే. కానీ ఆ కేసులు గెలిచినోళ్లందరి చేతుల ఏదో ఒక కాగితం ఉన్నది. జీతం ముట్టినట్టు ఒక సంతకమన్నా ఉన్నది. మనకు ఏమున్నది, వాట్సాప్ గ్రూపుల "ఈ రోజు సాయంత్రంలోపు ఎంట్రీ పూర్తి చేయాలి" అన్న మెసేజ్ తప్ప?

కాగితం ఉన్నోళ్లకే ఎంత గోస పడుతున్నదో చూడలేదా? సమగ్ర శిక్షల చేసే ఎంఐఎస్ కోఆర్డినేటర్లు, డేటా ఎంట్రీ ఆపరేటర్లు, కేజీబీవీ టీచర్లు, సీఆర్పీలు 2024 డిసెంబర్ల దాదాపు నెల రోజులు సమ్మెల కూసున్నరు. బడి లెక్కలన్నీ నడిపేది వాళ్లే. ఏండ్ల తరబడి చేసినోళ్లకే ఆ గతి అయితే రిజిస్టర్ల పేరు లేని నీ గతి ఏంది?

ఇంటర్వ్యూ ఎక్కడ ఉన్నది, ఎక్కడ లేదు?

దీన్ని జెర ఆగి ఆలోచించు. కేంద్ర సర్కారు 2016 జనవరి 1 నుంచి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసేసింది. పైరవీలకు, లంచాలకు తావిస్తున్నయి అన్నదే కారణం. మన రాష్ట్రంల 2022ల గ్రూప్-1, గ్రూప్-2కు గూడ ఇంటర్వ్యూ ఎత్తేసిండ్రు. జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగాలు వచ్చే గ్రూప్-4కు రాత పరీక్షనే. 8,180 పోస్టులకు 2023 జులై 1న పరీక్ష పెట్టిండ్రు.

అంటే డిప్యూటీ కలెక్టర్ కావడానికి ఇంటర్వ్యూ అక్కర లేదు. బడిల కంప్యూటర్ ఆపరేటర్ కావడానికి కావాలట! ఎందుకు? పరీక్ష పెడితే మార్కులు కనబడతయి. మార్కులు కనబడితే రోస్టర్ పాటించాలె. ఇంటర్వ్యూల ఏమైందో ఆ గది గోడలకే ఎరుక.

రిజర్వేషన్ ఎట్ల మాయమైతది?

2022 సెప్టెంబర్ 30న జీవో 33 ఇచ్చి గిరిజన రిజర్వేషన్‌ను 6 నుంచి 10 శాతం చేసిండ్రు. తండాలల్ల పటాకులు కాల్చినం. కానీ 10 శాతం దేంట్లకెల్లి? నోటిఫై చేసిన పోస్టులల్లకెల్లి. బడి ఆఫీసుల పోస్టే మంజూరు కాకపోతే, అయినా నోటిఫై చెయ్యకపోతే, 10 శాతమైనా 100 శాతమైనా సున్నకు సున్ననే.

ఇప్పుడు చేదు మాట చెప్తున్న, కోపం చేసుకోకు. పని ఆగితేనే పై ఆఫీసుకు "క్లర్క్ కావాలె" అని ఉత్తరం పోతది. నువ్వు ఊరికే చేస్తా ఉంటే పని ఆగదు. పని ఆగకపోతే ఖాళీ ఎవరికీ కనబడదు. నీ కోసం రావాల్సిన పోస్టును నీ పుణ్యం పనే మూసిపెడుతున్నది. మన రిజర్వేషన్‌ను మన చేతులతోనే తింటున్నం.

ఏజెన్సీ ప్రాంతపు అన్నలకు ఒకప్పుడు జీవో 3 ఉండె. 2000 జనవరి 10న వచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్ల టీచర్ పోస్టులు నూటికి నూరు అక్కడి గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన వికారాబాద్ జిల్లా ఐదో షెడ్యూల్ కిందికి రాదు, కాబట్టి ఆ రక్షణ మనకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మనకు ఏజెన్సీ లేదు. ఏజెన్సీలు మాత్రం ఉన్నయి, కమీషన్ తీసుకునేటియి.

ఇటు చూస్తే ఇంటర్వ్యూ గది, అటు చూస్తే ఢిల్లీ పరీక్ష. మన పిల్లల కోసమే అని కట్టిన ఏకలవ్య బడులు తెలంగాణల 23 ఉన్నయి. వాటి నియామకాలు 2023ల కేంద్రం చేతులకు పోయినయి. ఆ ఏడు 4,062 పోస్టులు పడితే అండ్ల 759 జూనియర్ సెక్రటేరియట్ అసిస్టెంట్, 361 అకౌంటెంట్. అంటే బడి ఆఫీసు పనే. 2025ల 7,267 పోస్టులు పడినయి, జూనియర్ సెక్రటేరియట్ అసిస్టెంట్ 228, అకౌంటెంట్ 61. పోస్టులు పడుడు మంచిదే, పరీక్ష పెట్టుడు మంచిదే. కానీ పరీక్షల హిందీ పెట్టేసరికి హిందీ రాష్ట్రాలోళ్లకు దారి సాఫైంది. తెలుగు రానోడు, గోండి రానోడు, గోర్ బోలి రానోడు వచ్చి కూసుంటే, కాగితాలు పట్టుకొని వచ్చిన ముసలమ్మ ఎవరితోని మాట్లాడాలె?

నువ్వు అడిగే ప్రశ్నలు

"అన్నా, ఇంట్ల ఖాళీగ కూసునే బదులు పని నేర్చుకుంటే తప్పేంది?" తప్పు లేదు, నేర్చుకో. 1961 అప్రెంటిస్ చట్టం ఏమంటదో తెలుసా? నేర్చుకునేటోనికి గూడ స్టైపెండ్ ఇయ్యాలె అంటది. పని నేర్చుకోవడానికి నెల చాలు. ఆరో నెలల నువ్వు నేర్చుకుంటలేవు, నడిపిస్తున్నవ్.

"పెద్దసారు పాపం ఏం చేస్తడు?" నిజమే, ఆయన ఒక్కడు ఏం చెయ్యలేడు. కానీ పై అధికారికి ఉత్తరం రాయగలడు. ఆ ఉత్తరం నీ చేతనే టైప్ చేయించుకోమను, సంతకం ఆయనది పెట్టించు.

"నోటిఫికేషన్ పడేదాకా తినాలె గదా?" ఇది నిజమైన ప్రశ్న. ఔట్‌సోర్సింగ్‌ల చేరినోళ్లను నేను ఒక్క మాట అనను. తాండూరు నాపరాయి పాలిష్ మిషన్ల కాడ దుమ్ము మింగే కన్నా, పుణెల ఇటుకలు మోసే కన్నా కుర్చీల కూసునుడు మేలని ఎవరికుండది? చేరు. కానీ కండ్లు తెరుచుకొని చేరు. 2021 జూన్ 11న వచ్చిన జీవో 60 ప్రకారం అటెండర్ స్థాయి ఔట్‌సోర్సింగ్‌కు నెలకు 15,600, డేటా ఎంట్రీ ఆపరేటర్ స్థాయికి 19,500. నీ చేతికి ఎంత వస్తున్నదో, మధ్యల ఎంత పోతున్నదో లెక్క అడుగు. ఏజెన్సీ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలె, చట్టం అట్లనే ఉన్నది.

ఇయ్యాల్టి నుంచి ఏం చేద్దాం?

ఒకటి. కాగితం లేకుంట కుర్చీల కూసోకు. ఏ తారీఖు నుంచి, ఏ పని, ఎన్ని రోజులు, ఎంత ఇస్తరు అన్నది పెద్దసారు సంతకంతోని తీసుకో. ఇయ్యమంటే నెలతోని ఆపు. ఆపినప్పుడు గూడ కారణం రాసి ఇయ్యి, నకలు నీ దగ్గర పెట్టుకో.

రెండు. ఇప్పటికే చేస్తున్నవా? రోజూ ఏం చేసినవో నోట్‌బుక్కుల తారీఖుతోని రాయి. మెసేజ్‌లు తీసెయ్యకు, స్క్రీన్‌షాట్ పెట్టు. అనుభవం సర్టిఫికెట్ ఆఖర్ల కాదు, మూడు నెలలకోసారి అడుగు.

మూడు. డిపాజిట్ పేరుమీద ఒక్క రూపాయి కట్టకు. యాడి కడియాలు, బాపు ఎడ్లు అమ్మి ఎవనికీ ఇయ్యకు. ఔట్‌సోర్సింగ్‌ల చేరితే నియామక ఉత్తరం, బ్యాంకుల జీతం, పీఎఫ్ నంబర్, ఈ మూడూ అడుగు.

నాలుగు. సమాచార హక్కు చట్టం వాడు. మండల ఆఫీసుల ఫీజు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుల 10. 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. ఐదు ప్రశ్నలు చాలు: మన మండలం బడుల్ల మంజూరైన ఆఫీసు పోస్టులు ఎన్ని? నిండినయి ఎన్ని? ఔట్‌సోర్సింగ్ ఏ ఏజెన్సీకి ఇచ్చిండ్రు? ఒక్కొక్కరికి ఎంత చెల్లిస్తున్నరు? అండ్ల గిరిజనులు ఎందరు?

ఐదు. బడుల్ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు 2024 నుంచి ఉన్నయి, అండ్ల మన అమ్మలు, అక్కలు ఉన్నరు. 2018ల మన తండాలు చాలా వరకు పంచాయతీలైనయి, సర్పంచులు మనోళ్లే అయిండ్రు. "మా బడికి క్లర్క్ పోస్టు కావాలె, మా భాష వచ్చినోడు కావాలె" అని కమిటీల, గ్రామసభల తీర్మానం పెట్టించు. ఒక్క తండా తీర్మానం చెత్తబుట్టకు పోతది. ఇరవై తండాల తీర్మానాలు ఒక్కరోజు కలెక్టరేట్ కాడికి పోతే ఎవరో ఒకరు చదవాలె.

ఆరు. చదువు బంద్ పెట్టకు. జూనియర్ అసిస్టెంట్ జిల్లా స్థాయి పోస్టు, రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం స్థానికులకే. నోటిఫికేషన్ పడ్డనాడు నువ్వు ఎవరిదో ఎంట్రీ పూర్తి చేస్తా ఉండొద్దు, పుస్తకం ముందుండాలె.

ఇగ సర్కారును మనం అడగాల్సింది. బడి ఆఫీసు పోస్టులు మంజూరు చెయ్యి. రాత పరీక్షతోని, రోస్టర్‌తోని నింపు. అప్పటిదాకా ఔట్‌సోర్సింగ్ తప్పదంటవా, అండ్ల గూడ 10 శాతం అమలు చెయ్యి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 45 రోజులు దాటిన తాత్కాలిక నియామకాలల్ల రిజర్వేషన్ పాటించాలని కేంద్రం 2022 నవంబర్ 21న తన శాఖలకు రాసి ఇచ్చింది, ఆ సంగతి 2023ల సుప్రీంకోర్టుకు గూడ చెప్పింది. ఢిల్లీ ఆఫీసులకు పనికొచ్చిన నియమం కోట్‌పల్లి బడికి ఎందుకు పనికి రాదు? ఏకలవ్య బడులల్ల పిల్లల భాష వచ్చుడు అర్హతగ పెట్టు.

మొన్న ఆ బడి ముంగటి నుంచి పోతుంటే కిటికీలకెల్లి చూసిన. ఆ కుర్చీల ఇంకో తమ్ముడు కూసున్నడు. ఇస్త్రీ అంగీ. జీతమెంత అని అడిగిన. నవ్విండు.

తమ్మీ, ఆ నవ్వు ఇగ ఆపు. లేచి నిలబడి అడుగు. నువ్వు ఒక్కనివే అడిగితే వాళ్లు నీ పేరు గుర్తు పెట్టుకుంటరని భయమా? మాకు మెసేజ్ పెట్టు, నీ వెంట మేము పది మందిమి వస్తం. ఒకరి పేరు గుర్తు పెట్టుకోవచ్చు, పది మందివి రిజిస్టర్ల రాసుకోవాల్సిందే.

జోహార్. జై ఆదివాసీ. జై సేవాలాల్.